ఖాళీ తుపాకీతో గురి
(తిరుపతిలో ఎన్‌సీసీ క్యాడెట్లకు చేసిన ప్రసంగం)

పిల్లలూ, కూర్చోండి. ఎండలో పరేడ్ చేసొచ్చినారు, ఎక్కువసేపు విసిగించను.

మా జేజినాయన పలమనేరు తట్టు వేటకు పోయేవాడంట. 1972లో వన్యప్రాణి చట్టం రాకముందు మాట. తూటాలు కొనే స్తోమత లేదు. అందుకని పొద్దుగూకితే పెరట్లో కూర్చుని, తుపాకీ ఖాళీ చేసి, గోడమీద పెట్టిన సున్నపు బొట్టుకు గురి పట్టేవాడంట. చూసినోళ్లు నవ్వేవాళ్లు.

ఇప్పుడు వేట నేరం. శేషాచలంలో కుందేలును కొట్టినా కేసే. వేటకు అనుమతి ఉన్న దేశాల్లో మాత్రం వేటగాళ్లు ఇప్పటికీ మా జేజినాయన పద్ధతే పాటిస్తారు. పెద్ద తూటా ఖరీదు కదా, అందుకే చాలామంది సాధన ఖాళీ రైఫిల్‌తోనో, ఎయిర్ రైఫిల్‌తోనో, మీకు తెలిసిన పాయింట్ టూటూ (.22) చిన్న తూటా రైఫిల్‌తోనో. మోకాలిమీద, కూర్చుని, చెట్టుకు ఆనుకుని కూడా కొడతారు. అడవిలో జంతువు రెండో అవకాశం ఇవ్వదు, కాబట్టి వాళ్లకు మొదటి గుండే లెక్క.

మనకు కాగితమే జంతువు. పది మీటర్ల ఎయిర్ రైఫిల్ టార్గెట్‌లో పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరే, ఆవగింజ కన్నా చిన్నది. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో ఈ ఆటలోనే బంగారు పతకం గెలిచిన అభినవ్ బింద్రా ఆఖరి గుండుకు 10.8 పాయింట్లు. ఆ ఆటలో ఒక్క గుండుకు వచ్చే గరిష్ఠం 10.9.

ఇంట్లో పది మీటర్లు ఎక్కడుందంటారా? ఐదు చాలు, టార్గెట్‌ను సగం చేయండి. నల్లటి వలయం 30.5 మిల్లీమీటర్లు, సగం చేస్తే పదిహేను. అమ్మ పెట్టుకునే పెద్ద బొట్టుబిళ్ల సరిపోతుంది. కొట్టాల్సిన పనిలేదు, ఉత్త గురి పట్టండి. సగం ఊపిరి వదిలి ఆపండి. ఏడెనిమిది సెకన్లలో కుదరకుంటే దించేసి మళ్లీ మొదలుపెట్టండి. బిగబట్టుకుని ఉంటే కన్ను మసకేస్తుంది.

ఒక్క జాగ్రత్త. బ్యారెల్ విరిచి లోడ్ చేసే స్ప్రింగు ఎయిర్‌గన్‌ను పెల్లెట్ (అందులో వేసే చిన్న గుండు) లేకుండా పేల్చొద్దు. పెల్లెట్ ఉంటే దాని వెనక నలిగిన గాలి, స్ప్రింగు తోసే పిస్టన్‌ను మెత్తలాగా ఆపుతుంది. లేకుంటే ఇనుము పోయి ఇనుమును గుద్దుతుంది. నా మొదటి గన్ అట్లే నాశనం చేసుకున్నా, ఇంట్లో తిట్లు వేరే.

పెల్లెట్లతో కొట్టే రోజు అట్టపెట్టెలో పాత పేపర్లు గట్టిగా కుక్కి, వెనక ఇనప రేకు పెట్టుకోండి. కళ్లద్దాలు తప్పనిసరి. పెల్లెట్ సీసం కాబట్టి చేతులు కడిగాకే అన్నం. గుండు పేలగానే కాగితం చూడకముందే ఎక్కడ పడిందో నోట్‌బుక్‌లో రాసుకోండి, తర్వాత పోయి చూడండి. పది పెల్లెట్లు ఇట్లా కొడితే, ఊరికే కొట్టిన వందకన్నా మేలని నా లెక్క.

సరే, ఇదిగో క్లబ్బు రైఫిల్, ఖాళీగా నొక్కినా పాడవని రకం. చాంబర్, అంటే గుండు కూర్చునే చోటు, చూడండి, ఏమీ లేదు. ఎవరి దగ్గరుందమ్మా రూపాయి బిళ్ల? బ్యారెల్ కొసన పెడతా, ట్రిగ్గర్ నొక్కు. బిళ్ల పడకూడదు. రా తల్లీ, నువ్వే ముందు.