కోకోపీట్‌లో పీట్ లేదు

వసుంధర: శ్రోతలందరికీ నమస్కారం. ఎండలు ముదరకముందే మిద్దె తోటలోని కుండీల్లో పాత మట్టిని ఎలా మార్చుకోవాలో ఈ వారం చెబుతామని మాట ఇచ్చాము. శ్రీధర్, ముందు నీ పక్కనున్న ఆ సంచీ ఏమిటో చెప్పు.

శ్రీధర్: నమస్కారం అక్కా. ఇది పీట్ మాస్ సంచీ, బాల్టిక్ దేశాల నుంచి దిగుమతి అయినది. మీకు నచ్చదని తెలుసు. అయినా ఈ మాట చాటుగా కాకుండా మన శ్రోతల ముందే మాట్లాడుకోవాలని తీసుకువచ్చాను.

వసుంధర: మంచి పని చేశావు. అయితే ముందు ఒక గందరగోళం తీర్చాలి. మనం నర్సరీల్లో కొనే కోకోపీట్‌కూ ఈ సంచీలోని పీట్‌కూ పేరులో తప్ప చుట్టరికం లేదు. కోకోపీట్ అంటే కొబ్బరి డొక్కల నుంచి పీచు తీసినప్పుడు రాలే పొట్టు. కొబ్బరి కాసినన్నాళ్ళూ అది వస్తూనే ఉంటుంది. పీట్ అలాంటిది కాదు. చలి దేశాల చిత్తడి నేలల్లో స్ఫాగ్నమ్ అనే నాచు చనిపోయి, గాలి సోకని ఆ పుల్లటి నీటి అడుగున పూర్తిగా కుళ్ళలేక, పొర మీద పొరగా పేరుకుంటే ఏర్పడే పదార్థం అది. ఏడాదికి సుమారు 1 మిల్లీమీటరు చొప్పున పెరుగుతుంది. నీ సంచీ ఎత్తు ఎంత?

శ్రీధర్: 30 సెంటీమీటర్లు ఉంటుంది.

వసుంధర: అంటే 300 ఏళ్ళ పొర. గోల్కొండ 1687లో ఔరంగజేబు వశమయింది. ఆ తరువాత కొద్ది దశాబ్దాలకు పేరుకోవడం మొదలుపెట్టిన నాచు ఇవాళ్టికి ఆ ఎత్తుకు చేరుతుంది.

శ్రీధర్: లెక్కను ఒప్పుకుంటాను, నా వాదన కూడా పూర్తిగా వినండి. పెటూనియా విత్తనం ఇసుక రేణువంత ఉంటుంది. ఎర్రమట్టిలో వేస్తే పైన పెచ్చు కట్టి మొలక బయటికి రాలేకపోయింది. వర్మీకంపోస్టు కలిపి వేస్తే మొలిచాయి గానీ నారుకుళ్ళు తెగులు సోకి రెండు ట్రేలు మూడు రోజుల్లో వాలిపోయాయి. పీట్‌లో వేసినవి మాత్రం దాదాపు అన్నీ ఒకే ఎత్తున లేచాయి. తన బరువుకు ఎన్నో రెట్ల నీటిని పట్టి ఉంచుతూనే వేళ్ళకు గాలి అందించే గుణం దానికి ఉంది కాబట్టే, గత శతాబ్దం మధ్యలో అమెరికా విశ్వవిద్యాలయాలు మట్టి లేని కుండీ మిశ్రమాలను దాని ఆధారంగా రూపొందించాయి. ఇంతమంది ఇన్నేళ్ళుగా వాడిన దాన్ని ఒక్క మాటతో తీసివేయలేము.

వసుంధర: తీసివేయడం లేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో స్ఫాగ్నమ్ నాచును గాయాలకు కట్లుగా కూడా వాడారు, అది దూది కంటే ఎక్కువ తడిని పీల్చుకుంటుంది కనుక. ఆ గుణం మీద నాకు గౌరవం ఉంది. అయితే దాన్ని మన ఎండలో పెట్టి చూడు. 40 డిగ్రీలు దాటిన మిద్దె మీద పీట్ ఒక్కసారి పూర్తిగా ఎండిందంటే మళ్ళీ సులువుగా తడవదు. పోసిన నీరు కుండీ అంచు వెంట జారిపోయి అడుగు రంధ్రంలోంచి బయటికి వస్తుంది, నడిమి వేళ్ళు పొడిగానే ఉంటాయి. పైపెచ్చు దాని పీహెచ్ 3.5 నుంచి 4.5 దాకా, అంటే బాగా పుల్లగా ఉంటుంది కాబట్టి సాధారణ మొక్కల కోసం అందులో సున్నం కలుపుతారు. మన బోరు నీళ్ళలో సున్నం శాతం ముందే ఎక్కువ. పులుపు నేల కోరే మొక్కకని పీట్ తెచ్చిపెట్టినా, ఆ నీళ్ళే పోస్తూ ఉంటే కొన్నాళ్ళకు ఆ పులుపు మిగలదు. అదే చెరువు పూడిక మట్టి అయితే...

శ్రీధర్: పూడిక మట్టి దగ్గరికి తరువాత వద్దాము అక్కా. నారు ట్రే మిద్దె మీద ఉండదు, నీడలో ఉంటుంది. కొద్ది వారాల పని.

వసుంధర: కొద్ది వారాల నారు కోసం 300 ఏళ్ళ పొరను తవ్వించడమే నన్ను బాధపెడుతున్నది.

శ్రీధర్: నా ఒక్క సంచీతో ఎంత తరుగుతుంది? ఇండోనేషియాలో పామాయిల్ వంటి తోటల కోసం పీట్ అడవులకు కాలువలు తీసి నీటిని పారదోలారు. 1997లోనూ 2015లోనూ అవి తగలబడినప్పుడు పొగ సింగపూర్ దాకా కమ్మింది. ఐర్లండ్‌లో తరతరాలుగా పొయ్యిల్లో, ఆ పైన విద్యుత్ కేంద్రాల్లో కాల్చారు. వీటన్నిటి పక్కన ఇంటి తోటల వాటా చాలా చిన్నది. పామాయిల్‌తో వేయించిన చిరుతిండి తింటూ నారు ట్రేను తప్పుపట్టడం న్యాయమేనా?

వసుంధర: న్యాయమైన ప్రశ్నే. నేను ఇంట్లో పామాయిల్ మానేశాను, బయట తినేదాని గురించి మాత్రం హామీ ఇవ్వలేను. ఇక వాటా మాట. పీట్ నేలలు భూభాగంలో సుమారు 3 శాతమే ఉన్నా, ప్రపంచంలోని అడవుల్లో ఉన్న చెట్లన్నిటిలోని కర్బనం కంటే ఎక్కువ కర్బనాన్ని తమలో దాచుకున్నాయి. కాంగో నదీ పరివాహకంలో ఉన్న పీట్ నేల ఎంత పెద్దదో శాస్త్రజ్ఞులు 2017లో ప్రకటించేదాకా ప్రపంచానికి సరిగా తెలియలేదు. దాని విస్తీర్ణం సుమారు 1,45,500 చదరపు కిలోమీటర్లు, మన తెలంగాణ మొత్తం 1,12,077. అక్కడ దాగి ఉన్న కర్బనం దాదాపు 3,000 కోట్ల టన్నులు. నీరు నిలిచి ఉన్నంతకాలం అది కదలదు. కాలువ తీసి నీటిని దించిన మరుక్షణం గాలి సోకి, వేల ఏళ్ళ కిందట ఆగిపోయిన కుళ్ళడం మళ్ళీ మొదలవుతుంది. నీ ట్రేలోనూ అదే జరుగుతున్నది.

శ్రీధర్: అంత తీవ్రమైనదైతే ప్రభుత్వాలే ఆపాలి గదా.

వసుంధర: ఆపడం ఎంత కష్టమో చూడు. ఐర్లండ్ ప్రభుత్వ సంస్థ బోర్డ్ నా మోనా పీట్ తవ్వకాన్ని పూర్తిగా విరమిస్తున్నట్టు 2021 జనవరిలో ప్రకటించింది. ఇంటి తోటలవారికి పీట్ అమ్మకాలను 2024 నాటికి నిషేధిస్తామని బ్రిటన్ ప్రభుత్వం ఇంగ్లండ్ విషయంలో 2022 ఆగస్టులో చెప్పింది. 2024 గడిచిపోయింది, నిషేధపు చట్టం మాత్రం రాలేదు. తోటమాలులు తమంతట తాము మానడం అప్పటికే మొదలయింది. నేను నీ దగ్గర ఆశిస్తున్నదీ అదే.

శ్రీధర్: మీరు ఆశిస్తున్నారంటే నాకు భారంగా ఉంటుంది అక్కా.

వసుంధర: భారం వేయాలని కాదు. నీకొక సంగతి చెబుతాను. 1950లో డెన్మార్క్‌లో ఇద్దరు సోదరులు పొయ్యిలోకి పీట్ తవ్వుతుంటే ఒక మనిషి శవం బయటపడింది. ముఖం చెక్కుచెదరలేదు, గడ్డం మీద మాసిన వెంట్రుకలు కూడా కనిపిస్తున్నాయి. ఈ మధ్యనే జరిగిన హత్య అనుకొని పోలీసులకు కబురు పెట్టారు. పరీక్షించి చూస్తే ఆయన రెండు వేల ఏళ్ళకు పైబడిన మనిషి. కడుపులో ఆఖరిసారి తాగిన జావ ఇంకా ఉంది, అందులో బార్లీ, అవిసె గింజలు ఉన్నాయి. టొల్లుండ్ మనిషి అని ఆయనకు పేరు. పీట్ దేన్నీ పోనివ్వదు శ్రీధర్. పుప్పొడిని, చెట్టు మొద్దును, మనిషి తిన్న ఆఖరి ముద్దను కూడా దాచిపెడుతుంది. మన దేశంలోనే నీలగిరి కొండల మీద ఉన్న చిన్న చిన్న పీట్ బురదల్లో పొరలను పరిశీలించి, వేల ఏళ్ళ కిందట అక్కడ వానలు ఎలా ఉండేవో, గడ్డి ఎక్కువ ఉండేదో అడవి ఎక్కువ ఉండేదో చెప్పగలిగారు. దాన్ని పొడి చేసి సంచుల్లో నింపుతున్నారంటే నాకు ఒక గ్రంథాలయాన్ని తూకానికి వేసినట్టు ఉంటుంది.

(కొంతసేపు మౌనం)

శ్రీధర్: ఆ పెటూనియాలు అమ్మ కోసం అక్కా. మంచం మీద నుంచి ఆమెకు కిటికీ ఒక్కటే కనిపిస్తుంది. రెండు ట్రేలు వాలిపోయిన తరువాత మళ్ళీ ఓడిపోవడానికి నాకు మనసు ఒప్పలేదు. సంక్రాంతికి కిటికీ నిండా పూస్తే ఆమె రంగులు లెక్కపెట్టింది.

వసుంధర: ఈ మాట నాకు ముందే చెప్పి ఉంటే ఇంత గట్టిగా మాట్లాడేదాన్ని కాదు.

శ్రీధర్: చెప్పకపోవడమే మేలయింది, గట్టిగా చెప్పారు కాబట్టే విన్నాను. కానీ కోకోపీట్ కూడా శుద్ధమైనదేమీ కాదు. కేరళ బ్యాక్‌వాటర్ల ఒడ్డున ఆ పొట్టును కొండలుగా పోసినప్పుడు అందులోని రసాలు కారి నీటిని పాడుచేశాయి. డొక్కలను ఉప్పు నీటిలో నానబెడితే ఆ ఉప్పంతా పొట్టులోకి చేరుతుంది. నిరుడు మీ టమాటా నారు ఆకుల అంచులు మాడిపోయినప్పుడు మీరే నాకు ఫోను చేశారు. ఆ దుకాణంవారు కడిగిన సరుకని చెప్పి అమ్మింది కడగని పొట్టును అదిమి చేసిన ఇటుకలే గదా.

వసుంధర: అవును, ఆ బాధ ఇంకా ఉంది. అందుకే కోకోపీట్‌ను కడగకుండా వాడవద్దని ప్రతి వారం చెబుతున్నాను. 5 కిలోల ఇటుక నానితే సుమారు 70 లీటర్లవుతుంది. మూడుసార్లు మంచి నీటితో కడగాలి. బోరు నీళ్ళతో కడిగితే ఒక ఉప్పు తీసి మరొకటి ఎక్కించినట్టే. పొట్టును అంటిపెట్టుకొని ఉండే సోడియం, పొటాషియం ఉత్త నీటితో పూర్తిగా వదలవు. కాల్షియం నైట్రేట్ కలిపిన నీటిలో ఒక రాత్రి ఉంచితే కాల్షియం వాటి చోటు ఆక్రమించి వాటిని బయటికి నెడుతుంది, పొద్దున మళ్ళీ ఒకసారి కడగాలి. మొదటి మూడు కడుగు నీళ్ళను నేను పెరట్లోని కొబ్బరి చెట్టుకే పోస్తాను. పొటాషియం, క్లోరైడు రెండూ కొబ్బరికి కావలసినవే.

శ్రీధర్: అమ్మ పెటూనియాలకు అది సరిపోతుందా?

వసుంధర: కడిగిన పొట్టును సన్న జల్లెడ పట్టి, నాలుగో వంతు వరి ఊక బొగ్గు కలిపి, తెగుళ్ళను అణచే మేలైన శిలీంధ్రం ట్రైకోడెర్మా విరిడి చల్లి తడిగా వారం ఉంచు. నారుకుళ్ళు చాలావరకు అదుపులో ఉంటుంది. విత్తనం మీద మట్టి కప్పవద్దు, పెటూనియాకు మొలవడానికి వెలుతురు కావాలి. ఈసారి నేనే వచ్చి మొదటి ట్రే నింపుతాను. మిగిలిన పీట్‌ను పారేయకు, అది తవ్వడం ఎలాగూ అయిపోయింది, పొదుపుగా వాడు. ఆ తరువాత కుండీల్లోకి మార్చేటప్పుడు పూడిక మట్టి...

శ్రీధర్: నగరంలోని చెరువుల్లో కాలుష్యం చేరని చెరువును చూపించండి, తెచ్చుకుంటాను.

వసుంధర: నగరంలోని చెరువుల మట్టిని నేను కూడా ముట్టుకోను, అందులో ఫ్యాక్టరీల నీరు, మురుగు కలిశాయి. అయితే 2015లో మొదలైన మిషన్ కాకతీయ కింద 46,000కు పైగా చెరువులను బాగుచేయాలని తలపెట్టినప్పుడు మా ఊరి రైతులు ట్రాక్టర్ల మీద ఆ నల్లమట్టిని చెల్కల్లోకి తోలుకున్నారు. ఎరువు కొనే ఖర్చు తగ్గిందని మా చిన్నాన్న ఇప్పటికీ చెబుతాడు. మన చెరువు మనకు ఇచ్చే మట్టి ఉండగా బాల్టిక్ నుంచి ఎందుకు?

శ్రీధర్: దాన్ని ఒంటిగా కుండీలో వేస్తే బీటలు వారి ఇటుకలా గట్టిపడుతుంది. పదకొండో కుండీ గుర్తుంది గదా.

వసుంధర: గుర్తుంది. అందుకే పదో వంతుకు మించి కలపను. సరే, ఇచ్చిన మాట ప్రకారం మట్టి మార్పు చెప్పుకుందాము. పాత మట్టిని పరిచి వారం ఎండబెట్టండి, వేళ్ళు ఏరివేయండి. దానికి సమానంగా మాగిన పశువుల ఎరువు, అందులో సగం కడిగిన కోకోపీట్, కుండీకి గుప్పెడు వేపపిండి. కోకోపీట్‌లో పోషకాలు దాదాపు లేవు కాబట్టి దాన్ని పెంచి ఎరువును తగ్గించకండి. ఎండుటాకులను మాత్రం...

శ్రీధర్: అక్కా, మీ నల్లాలో నీళ్ళు వస్తున్న చప్పుడు.

వసుంధర: మంజీర నీళ్ళు, గంటకు మించి రావు. పొద్దున నానబెట్టిన ఇటుక తొట్టిలోనే ఉంది, మొదటి కడుగు ఇప్పుడే కావాలి. నువ్వు ఆ జల్లెడ పట్టుకొని రా.