ఒక్క మాట చెప్పేస్తే అయిపోయేది కదా! మూడు పుస్తకాలు, ముగ్గురు పాఠకులు

అందరికీ నమస్కారం. ఈ వీడియోలో నా అభిప్రాయంతో పాటు మా ఇంట్లో ముగ్గురి అభిప్రాయాలు కూడా వింటారు. రెండు నెలల క్రితం నేను చదివి ఇష్టపడ్డ మూడు పుస్తకాలు ముగ్గురికి ఇచ్చాను. ప్రేమకథ మా అక్కకి, సైన్స్ ఫిక్షన్ మా నాన్నకి, ఆత్మకథ మా పిన్నికి. చదివాక వాళ్ళు అన్న మాటలు విని, నేను మళ్ళీ పుస్తకాలు తీసి కొన్ని అధ్యాయాలు మొదటి నుంచీ చదివాను. ఒక చోట నా అభిప్రాయం మారింది. ఇంకో చోట ఇంకా గట్టిపడింది.

స్పాయిలర్ల సంగతి ముందే చెప్పేస్తాను. మొదటి పుస్తకం ముగింపు గురించి మాట్లాడక తప్పదు. రెండోదాని ముగింపు మాత్రం చెప్పను, అది మీరే చదవాలి. మూడోది ఒకరి జీవితం, అందులో దాచడానికేమీ లేదు.

ముందు అక్క. ఇదిగో, ఈ పుస్తకం. 'నార్మల్ పీపుల్'. ఐర్లాండ్ రచయిత్రి శాలీ రూనీ రాసింది, 2018లో వచ్చింది. కానెల్, మేరియన్ అని ఇద్దరు ఒకే ఊళ్ళో, ఒకే బడిలో చదువుతుంటారు. కానెల్ వాళ్ళమ్మ మేరియన్ వాళ్ళ ఇంట్లో శుభ్రం చేసే పని చేస్తుంది. అమ్మను తీసుకెళ్ళడానికి ఆ ఇంటికి వచ్చే అబ్బాయికీ, అంత పెద్ద ఇంట్లో పలకరించేవాళ్ళు లేని అమ్మాయికీ మధ్య మొదలవుతుంది కథ. బడిలో మాత్రం అతను ఆమె ఎవరో తెలియనట్టే ఉంటాడు. తర్వాత ఇద్దరూ డబ్లిన్‌లో ట్రినిటీ కాలేజీకి వెళ్తారు. అక్కడ అంతా తిరగబడుతుంది. ఆమె చుట్టూ స్నేహితులు, అతను ఒంటరి.

ఇందులో ఒక సన్నివేశం ఉంది. ఈ పుస్తకం చదివిన ఎవరిని కదిలించినా ముందు దాని గురించే చెప్తారు. సెలవులు వస్తున్నాయి. కానెల్‌కి పని తగ్గిపోయింది, అద్దె కట్టడానికి డబ్బు లేదు. అప్పటికే చాలా రాత్రులు మేరియన్ ఫ్లాట్‌లోనే ఉంటున్నాడు. ఈ వేసవికి నీ దగ్గర ఉండొచ్చా అని అడగాలి, అంతే. అడగలేడు. ఊరికి వెళ్ళిపోతున్నానని చెప్తాడు. అతను తనని వదిలించుకుంటున్నాడని ఆమె అనుకుంటుంది. ఆమే ఉండమనడం లేదని అతను అనుకుంటాడు. ఇద్దరూ విడిపోతారు.

ఈ సన్నివేశం చదివిన రాత్రి పదకొండింటికి అక్క ఫోన్ చేసింది. "ఒక్క మాట చెప్పేస్తే అయిపోయేది కదే! అద్దెకి డబ్బుల్లేవు అనడానికి వాడికేమొచ్చింది? ఇంత చదువుకున్న వాళ్ళు ఇలా ఉంటారా ఎక్కడైనా?" అని ఒకటే కోపం. అక్క ఏళ్ళ తరబడి రొమాన్స్ నవలలు చదువుతోంది. మాట చెప్పకపోవడం వల్ల పుట్టే గొడవతో వంద పేజీలు నడిపే కథలు ఎన్నో చూసింది, అవంటే ఆమెకి విసుగు. ఇదీ అదే బాపతు అనుకుంది.

నేను ఇక్కడ అక్కతో ఒప్పుకోను. కథని సాగదీయడానికి పెట్టిన అపార్థం కాదిది. వాళ్ళమ్మ తుడిచిన ఇల్లు మేరియన్‌ది. ఆ అమ్మాయిని చోటు ఇవ్వమని అడగాలంటే అతని గొంతులో ఎంత అడ్డుపడుతుందో ఆలోచించండి. మేరియన్‌కి ఆ సంగతి తట్టను కూడా తట్టదు, ఎందుకంటే డబ్బు గురించి ఆలోచించాల్సిన అవసరం ఆమెకి ఎప్పుడూ రాలేదు. ఇద్దరిదీ ఒకే ఊరు, ఒకే భాష. అయినా డబ్బు అన్న ఒక్క మాట దగ్గర భాష పనిచెయ్యదు.

మళ్ళీ చదివినప్పుడు నాకు ఇంకోటి కనిపించింది. రూనీ ఈ నవలలో సంభాషణలకి కొటేషన్ గుర్తులు పెట్టలేదు. అక్క మొదట అచ్చుతప్పు అనుకుందట. గుర్తులు లేకపోవడంతో మనసులో అనుకున్నదీ, పైకి అన్నదీ ఒకే వరసలో వచ్చేస్తాయి. కానెల్ అడగాలనుకున్న మాట మనకి ఎంత స్పష్టంగా వినిపిస్తుందంటే, అతను అడిగేశాడనే అనిపిస్తుంది. ఆ పేజీ నేను పైకి చదివాను. రెండు చోట్ల ఆగి, ఇది అన్నాడా, అనుకున్నాడా అని చూసుకోవాల్సి వచ్చింది. అక్కకి వచ్చిన కోపానికి మూలం అక్కడే ఉందని నా నమ్మకం. మనకి వినిపించింది, మేరియన్‌కి వినిపించలేదు.

అక్క చెప్పిన రెండో మాట దగ్గర మాత్రం నేను మారాను. చివర్లో కానెల్‌కి న్యూయార్క్‌లో రచన నేర్పే కోర్సులో సీటు వస్తుంది. వెళ్ళమని మేరియనే చెప్తుంది. పుస్తకం అక్కడ ఆగిపోతుంది. "ప్రేమకథ అని ఎందుకు ఇచ్చావు నాకు?" అని అడిగింది అక్క. న్యాయమైన ప్రశ్నే. అమెరికాలో రొమాన్స్ రచయితల సంఘం పెట్టుకున్న నిర్వచనంలోనే ఉంది, రొమాన్స్ అంటే ప్రేమకథ కేంద్రంగా ఉండాలి, ముగింపు మనసుకి తృప్తినివ్వాలి, ఆశ మిగల్చాలి అని. ఆ నియమాన్ని చులకనగా చూసేవాళ్ళని చాలామందిని చూశాను. నాకది నచ్చదు. రోజంతా అలిసిపోయి, ఈ ఇద్దరూ చివరికి కలుస్తారన్న నమ్మకంతో పుస్తకం తెరిచే మనిషికి రచయిత ఇచ్చే మాట అది. ఆ మాట ఈ పుస్తకం ఇవ్వలేదు. ఇచ్చినట్టు అక్కకి చెప్పింది నేను. ఇకమీదట దీన్ని ఇద్దరు మనుషుల మధ్య అంతరాల గురించిన నవల అనే చెప్తాను.

నాకు నచ్చనిది కూడా ఒకటుంది. మేరియన్ ఇంట్లో అన్న పెట్టే హింస, తల్లి పట్టించుకోకపోవడం. అంత బరువైన విషయాన్ని పుస్తకం తొందరగా దాటేస్తుంది. ఇంట్లో అలా జరిగింది కాబట్టి ఆమె ఇలా తయారైంది అని లెక్క తేల్చేసినట్టు ఉంటుంది. కానెల్ డిప్రెషన్ గురించి రాసిన పేజీల్లో ఉన్న ఓపిక ఇక్కడ కనిపించదు.

ఇప్పుడు నాన్న. నాన్న ముప్పై ఏళ్ళు పిల్లలకి లెక్కలు చెప్పారు. కథల పుస్తకాలు పెద్దగా చదవరు, ఇప్పుడు కళ్ళు త్వరగా అలిసిపోతున్నాయి కూడా. అందుకని 'ప్రాజెక్ట్ హెయిల్ మేరీ' ఆడియోబుక్ పెట్టి ఇచ్చాను. ఆండీ వియర్ రాసిన నవల, 2021లో వచ్చింది. ఆడియోలో చదివింది రే పోర్టర్. దయచేసి ఈ పుస్తకాన్ని వినండి. ఎందుకో చెప్తాను.

ఒక మనిషి అంతరిక్ష నౌకలో కళ్ళు తెరుస్తాడు. తన పేరు కూడా గుర్తులేదు. పక్కన ఇద్దరు చనిపోయి ఉన్నారు. చేతిలో ఉన్న వస్తువుల్ని కిందికి వదిలి, పడటానికి ఎంతసేపు పడుతోందో కొలిచి, ఇక్కడ గురుత్వాకర్షణ భూమి మీదకంటే ఒకటిన్నర రెట్లు ఉంది కాబట్టి నేను భూమి మీద లేను అని తేలుస్తాడు. అక్కడ నాన్న ఆడియో ఆపేసి, కాగితం తీసుకుని తనూ లెక్క వేసి చూసుకున్నారు. అతని పేరు రైలాండ్ గ్రేస్, బడిలో సైన్స్ మాస్టారు. అది తెలిశాక నాన్న ఇక ఇయర్‌ఫోన్లు తియ్యలేదు.

సూర్యుడి శక్తిని తినే ఒక సూక్ష్మజీవి వల్ల సూర్యుడు మసకబారుతున్నాడు. దానికి విరుగుడు వెతుక్కుంటూ గ్రేస్ దాదాపు 12 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న టావ్ సెటీ నక్షత్రానికి వెళ్తాడు. అక్కడ ఇంకో నౌక ఉంటుంది. అందులో ఇంకో లోకపు జీవి, అతను రాకీ అని పేరు పెట్టుకుంటాడు. రాకీకి కళ్ళు లేవు, శబ్దంతోనే అన్నీ తెలుసుకుంటాడు. అతని చుట్టూ ఉండే గాలి అమ్మోనియా, అది కూడా భూమి మీద గాలి కంటే 29 రెట్ల ఒత్తిడిలో. అక్కడి వేడి 210 డిగ్రీల సెల్సియస్. ఇతను అటు వెళ్తే ఇతను చస్తాడు, అతను ఇటు వస్తే అతను చస్తాడు. మధ్యలో ఒక గోడ. ఆ గోడకి అటూ ఇటూ కూర్చుని భాష మొదలుపెడతారు. అంకెలతో మొదలవుతుంది. రాకీ వాళ్ళు పదులతో లెక్కపెట్టరు, ఆరులతో లెక్కపెడతారు. అతని మాటలు సంగీత స్వరాల్లా ఉంటాయి, ఆడియోబుక్‌లో ఆ స్వరాలు నిజంగానే వినిపిస్తాయి. కాగితం మీద అది ఊహించుకోవాలి, ఇక్కడ చెవిలో పడుతుంది.

రాకీ ప్రశ్న అడిగినప్పుడల్లా వాక్యం చివర 'ప్రశ్న' అని ఒక మాట తగిలిస్తాడు. చాలా ఆనందం వేస్తే ఒకే మాటని మూడుసార్లు అంటాడు. ఇది విని నాన్న ఏమన్నారో తెలుసా? "మనమూ అంతే కదమ్మా. వచ్చాడు అన్న మాటకి చివర దీర్ఘం తీస్తే వచ్చాడా అవుతుంది. చిన్న చిన్న, పెద్ద పెద్ద అని మనం రెండుసార్లు అంటాం, అతను మూడుసార్లు అంటున్నాడు." నేను ఈ పుస్తకం రెండుసార్లు చదివాను, ఈ పోలిక నాకు తట్టలేదు. రాకీ భాష ఇంగ్లీషులో వింతగా వినిపిస్తుంది. మన చెవికి అంత వింతగా ఉండదు.

సైన్స్ ఫిక్షన్ బాగా చదివే నా స్నేహితుడికి మాత్రం ఈ పుస్తకం మీద గట్టి ఫిర్యాదే ఉంది. భూమి మీద జరిగే భాగాల్లో అందరూ ఒకేలా మాట్లాడతారు, మనుషులకంటే రాకీయే మనిషిలా ఉంటాడు అంటాడు. నిజమే. ఈ ప్రయాణం నడిపించే స్ట్రాట్ అనే ఆవిడ పాత్రని ఇంకా లోతుగా రాసి ఉండాల్సింది. ప్రపంచాన్ని కాపాడటం కోసం అన్ని నియమాలూ తొక్కేసే మనిషి లోపల ఏం జరుగుతుందో మనకి చూపించరు. భాష అంత తొందరగా వచ్చేయడం మీద నాన్నకి కూడా అనుమానమే. "పిల్లలకి ఎక్కాలు రావడానికే ఏడాది పడుతుంది" అన్నారు.

అయినా గ్రేస్ నిద్రపోతుంటే రాకీ కాపలా కూర్చునే సన్నివేశం దగ్గర ఈ లోపాలేవీ గుర్తుండవు. రాకీ లోకంలో ఒకరు నిద్రపోతే ఇంకొకరు చూస్తూ ఉండాలి. అతని తోటివాళ్ళంతా దారిలోనే చనిపోయారు, అంటే అప్పటిదాకా అతన్ని చూస్తూ కూర్చునేవాళ్ళు ఎవరూ లేరు. ఈ మాట చెప్పేటప్పుడు నాన్న గొంతు మారింది.

వియర్ గురించి ఒక్క విషయం చెప్పి ముందుకి వెళ్తాను. ఆయన మొదటి నవల 'ద మార్షియన్' తన సొంత వెబ్‌సైట్‌లో ఒక్కో అధ్యాయం చొప్పున పెట్టేవాడు. సైన్స్ తెలిసిన పాఠకులు తప్పులు చూపిస్తే దిద్దుకునేవాడు. ఇప్పుడు నాన్న దగ్గర కూడా ఒక చిన్న నోట్‌బుక్ ఉంది, అందులో నాలుగు సందేహాలు రాసిపెట్టుకున్నారు. ఒక రచయిత పాఠకుడి చేత కాగితం, పెన్ను పట్టిస్తున్నాడంటే అది నా దృష్టిలో చాలా పెద్ద విషయం.

చివరిది 'ఎడ్యుకేటెడ్'. తారా వెస్ట్‌ఓవర్ ఆత్మకథ, ఇదీ 2018లోనే వచ్చింది. ఆమె అమెరికాలో ఐడహో కొండల దగ్గర పుట్టింది. తండ్రికి ప్రభుత్వం మీద, ఆసుపత్రుల మీద, బడుల మీద నమ్మకం లేదు. ఏడుగురు పిల్లల్లో ఆఖరిది. తొమ్మిదేళ్ళ వరకూ జనన ధ్రువపత్రం లేదు. మొదటిసారి తరగతి గదిలో కూర్చున్నది 17 ఏళ్ళకి. కాలేజీలో హోలోకాస్ట్ (నాజీలు యూదుల్ని ఊచకోత కోయడం) అన్న మాట విని అదేమిటని అడుగుతుంది, ఎందుకంటే అంతకు ముందు ఎప్పుడూ వినలేదు. ఆ అమ్మాయే తర్వాత కేంబ్రిడ్జ్‌లో చరిత్రలో డాక్టరేట్ తెచ్చుకుంది.

పిన్ని మూడు రోజుల్లో చదివేసింది. చదివాక మొదటి ప్రశ్న, "ఇదంతా నిజమేనా?" రెండోది, "నిజమే అయినా ఇంట్లో వాళ్ళ సంగతి ఇలా బయట పెట్టొచ్చా?" ఆత్మకథలు చదివేవాళ్ళని ఎప్పుడూ వెంటాడే ప్రశ్నలివి. రెండోదానికి నా జవాబు సూటిగా చెప్తాను. ఒక అన్న ఆమెని కొట్టాడు, తల పట్టి టాయిలెట్‌లోకి వంచాడు. ఇంట్లో చెప్తే చివరికి అమ్మానాన్నలు ఆమె పక్షాన నిలబడలేదు. ఇంట్లో చోటు దొరకని మాట ఇంకెక్కడ చెప్పుకోవాలి? ఈ విషయంలో నేను ఆమె పక్షమే. అన్న పేరు కూడా ఆమె మార్చే రాసింది. వాళ్ళమ్మ తన వైపు నుంచి 2020లో వేరే పుస్తకం రాశారు. రాసుకునే హక్కు ఆవిడకీ ఉంది.

మొదటి ప్రశ్నకి జవాబు పుస్తకంలోనే ఉంది, పేజీల అడుగున, చిన్న అక్షరాల్లో. మొదటిసారి చదివినప్పుడు నేను వాటిని దాటేశాను. ఫలానా విషయం మా అన్నకి ఇంకోలా గుర్తుంది అని ఆమె అక్కడక్కడా ఫుట్‌నోట్ ఇస్తుంది. ల్యూక్ అనే అన్న కాలికి నిప్పంటుకున్న రోజు గురించి పుస్తకం చివర కూడా ప్రత్యేకంగా రాసింది. ఆ మంట ఆర్పింది ఎవరు అన్న దగ్గర కూడా ఇంట్లో వాళ్ళ జ్ఞాపకాలు కలవవు. చరిత్ర చదువుకున్న మనిషి తన జ్ఞాపకాన్ని కూడా ఒక ఆధారంలా పక్కన పెట్టి పరీక్షించి చూసుకుంటోంది. ఆ చిన్న అక్షరాల వల్లే నాకు పెద్ద అక్షరాల మీద నమ్మకం కుదిరింది. మీరు చదివితే దయచేసి వాటిని వదలకండి.

ఈ మాట పిన్నికి చెప్పాను. ఆ చివరి పేజీలు తీసి మళ్ళీ చదివింది. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "తాతయ్య పోయిన రాత్రి వర్షం పడింది, నాకు బాగా గుర్తు. మీ అమ్మేమో ఆకాశం నిండా చుక్కలున్నాయంటుంది. ముప్పై ఏళ్ళుగా ఆ మాట వచ్చినప్పుడల్లా నేను లేచి వెళ్ళిపోతున్నాను" అంది. పుస్తకం ఒళ్ళోనే పెట్టుకుని అమ్మకి ఫోన్ చేసింది. ఇద్దరూ గంటన్నర మాట్లాడుకున్నారు. ఆ రాత్రి వర్షం పడిందో లేదో ఇంకా తేలలేదు. పుస్తకం మాత్రం ఇప్పుడు అమ్మ దగ్గర ఉంది.