దొంగచాటు ఎక్కడ, రహస్యం ఎక్కడ: ‘క్లాండెస్టిన్’ వాడుక

(విజయవాడలో పత్రికా అనువాదకులకు, కోర్టు అనువాదకులకు జరిగిన శిక్షణ తరగతిలో ప్రసంగ పాఠం)

పెద్దలకు, అనువాద మిత్రులకు నమస్కారం.

ఇంగ్లిషులో దాపరికానికి బోలెడు మాటలున్నాయి. ఇవాళ ఒక్కదాన్నే పట్టుకుంటాను: క్లాండెస్టిన్. డెస్కులో ఇది కనబడగానే మన చెయ్యి అలవాటుగా ‘రహస్య’ అని రాసేస్తుంది. కొన్నిచోట్ల దాంతో పనైపోతుంది. కొన్నిచోట్ల మాత్రం వార్త అర్థం మారిపోతుంది, దావాలో అయితే కక్షిదారు నష్టపోతాడు.

ఉచ్చారణ ముందు చెప్పేస్తాను. క్లాన్-డెస్-టిన్. ఊనిక నడిమి భాగం మీద. చివర ‘టైన్’ అన్నా నిఘంటువులు ఒప్పుకుంటాయి. ఇది విశేషణం; పనికి అన్వయించాలంటే క్లాండెస్టిన్‌లీ. దీని వేరు లాటిన్ మాట ‘క్లామ్’, అంటే చాటుగా. ఈ క్లామ్‌ను గుర్తుంచుకోండి, కాసేపట్లో సివిల్ కోర్టులో మళ్లీ ఎదురవుతుంది.

సీక్రెట్ అంటే దాచినది, అంతే. క్లాండెస్టిన్‌లో దాచడంతో పాటు దాచడానికి కారణం కూడా ఉంటుంది: తెలిస్తే ఎవరో అడ్డుపడతారు. ఆ ఎవరో తండ్రి కావచ్చు, మఠాధిపతి కావచ్చు, ప్రభుత్వం కావచ్చు. పైగా ఈ మాట పనులకు, ఏర్పాట్లకు అతుకుతుంది గాని సమాచారానికి అంతగా అతకదు. ఆవకాయ పాళ్లు పక్కింటివాళ్లకు చెప్పని ఆవిడది సీక్రెట్ రెసిపీ. దాన్ని క్లాండెస్టిన్ రెసిపీ అంటే నవ్వుతారు. ఆవిడ ఆవకాయ పెట్టుకుంటే అడ్డుకునేవాళ్లెవరు? అలాగే కవరు మీద వేసే ముద్ర ‘కాన్ఫిడెన్షియల్’. అది హక్కుతో దాచినది, చూడదగిన నలుగురికి తెరిచి ఉన్నది. ఆ చోట క్లాండెస్టిన్ వాడితే పంపినవాడే తప్పు చేసినట్టవుతుంది.

ఈ మాటకు చట్టంలో పాత చరిత్ర ఉంది. ఇంగ్లండులో 1753లో క్లాండెస్టిన్ పెళ్లిళ్లను ఆపడానికే ఒక చట్టం చేశారు. లార్డ్ హార్డ్‌విక్ తెచ్చినది, 1754 మార్చి నుంచి అమలైంది. అంతకు ముందు లండన్‌లో ఫ్లీట్ జైలు చుట్టుపక్కల, చర్చిలో ముందుగా ప్రకటన చదవకుండా, డబ్బు పుచ్చుకుని పెళ్లిళ్లు చేసే పాదిరీలు ఉండేవారు. వధూవరులకు తెలుసు, పాదిరీకి తెలుసు, సాక్షులకు తెలుసు. తెలియనిది కన్నవాళ్లకూ ఊరికీ. దీన్ని ‘దొంగపెళ్లి’ అని రాస్తే ఉత్తుత్తి పెళ్లి అనుకుంటారు. ‘చాటుమాటు పెళ్లి’ అనండి, సరిపోతుంది.

ఇక మనకు ఎక్కువ పని పడేది భూమి తగాదాల్లో. అడ్వర్స్ పొజెషన్, అంటే ఇతరుల భూమిని ఏళ్ల తరబడి స్వాధీనంలో ఉంచుకుని దాని మీద హక్కు కోరే దావాల్లో లాయర్లు ఒక లాటిన్ సూత్రం ఉదహరిస్తారు: నెక్ వి, నెక్ క్లామ్, నెక్ ప్రికేరియో. బలవంతంగా కాదు, చాటుగా కాదు, అనుమతితో కాదు. ఇతరుల పేరనున్న స్థలంలో అలా స్వాధీనంలో ఉన్నానని రుజువు చేయాలి. 1963 లిమిటేషన్ చట్టం ప్రకారం ప్రైవేటు భూమికి 12 ఏళ్లు, ప్రభుత్వ భూమికి 30 ఏళ్లు. ఇందులో క్లామ్ ఎందుకు ముఖ్యమంటే, అసలు యజమానికి అభ్యంతరం చెప్పే అవకాశం దొరకాలి. రాత్రికి రాత్రి గట్టు రెండడుగులు జరిపి, పంట మాటున కప్పెట్టి, ఏళ్లు గడిపినా అది చాటు స్వాధీనమే. ఆ ఏళ్లు లెక్కలోకి రావు.

అనువాదంలో తప్పు ఎక్కడ జరుగుతుందంటే, ప్రతివాది ఇంగ్లిషు జవాబులో ‘తన స్వాధీనం క్లాండెస్టిన్ కాదు’ అని ఉంటుంది. తెలుగులో ‘స్వాధీనం రహస్యం కాదు’ అని పడుతుంది. అది చప్పగా ఉండటమే కాదు, చట్టం అడిగిన మాట చెప్పదు. ‘బాహాటంగా, యజమాని తెలుసుకోగలిగేలా స్వాధీనంలో ఉన్నాను’ అని రాయాలి. సుప్రీంకోర్టు 2004లో కర్ణాటక వక్ఫ్ బోర్డు కేసులో ఈ వాదనకు కావలసినవి చెప్పింది: ఏ తేదీ నుంచి స్వాధీనం, ఎలాంటి స్వాధీనం, అవతలివాళ్లకు తెలుసా, ఎంతకాలం సాగింది, బాహాటంగా సాగిందా. మీ అనువాదంలో ఈ ఐదింటికీ జవాబులు వేరువేరుగా కనబడాలి. ఒక పొడుగాటి వాక్యంలో కుక్కితే తేదీ ఎటో పోతుంది, క్రాస్ ఎగ్జామినేషన్‌లో అవతలి లాయరు పట్టుకునేది దాన్నే.

రెండోది ఎక్సైజు నోటీసుల్లో కనబడే ‘క్లాండెస్టిన్ రిమూవల్’. గుంటూరు పొగాకు వ్యవహారాలు తెలిసినవాళ్లకు ఇది కొత్త కాదు. పొగాకు ఉత్పత్తుల మీద జీఎస్టీతో పాటు కేంద్ర ఎక్సైజు సుంకం ఇప్పటికీ ఉంది. ఫ్యాక్టరీలో తయారైన సరుకును రిజిస్టరుకు ఎక్కించకుండా, ఇన్‌వాయిస్ లేకుండా, సుంకం కట్టకుండా గేటు దాటించడం అని దీనర్థం. దీన్ని ‘దొంగసరుకు తరలింపు’ అని రాయకూడదు. సరుకు ఆ యజమానిదే, ఎవరి దగ్గరా దొంగిలించలేదు, ఎగ్గొట్టింది సుంకం. ‘లెక్కల్లో చూపకుండా దొంగచాటుగా బయటికి పంపిన సరుకు’ అనాలి. ఇలాంటి కేసుల్లో శాఖ చూపించే ఆధారాలు వాడిన ముడిసరుకు, లారీ కాగితాలు, కొన్నవాళ్ల వాంగ్మూలాలు, నగదు రాసుకున్న ప్రైవేటు పుస్తకాలు. కరెంటు ఎక్కువ కాలిందన్న ఒక్క లెక్కతోనే నేరం రుజువైనట్టు కాదని కోర్టులు చెప్పాయి. అందుకే నోటీసులోని ప్రతి ఆధారాన్ని విడివిడిగా, ఏ కాగితం ఏదో తెలిసేలా అనువదించాలి.

ఇల్లిసిట్‌తో కలపకండి. ఇల్లిసిట్ అంటే చట్టం ఒప్పనిది. ఊరందరి ఎదుటా నాటుసారా కాచినా అది ఇల్లిసిట్టే. ఏటి ఒడ్డున తుమ్మల చాటున కాస్తే అప్పుడు క్లాండెస్టిన్ కూడా.

కోవర్ట్‌తో తేడా ఇంకా సన్నం, గూఢచారి కథనాలు అనువదించేవాళ్లకు తప్పనిసరి. అమెరికా సైనిక పరిభాషలో కోవర్ట్ అంటే చేయించినవాడి పేరు దాగుతుంది, క్లాండెస్టిన్ అంటే చేసిన పనే దాగుతుంది. 1953లో ఇరాన్‌లో ప్రధాని మొసాద్దిక్ ప్రభుత్వం కూలడం లోకమంతా చూసింది, వెనకున్న అమెరికా చెయ్యి దాగింది. అది కోవర్ట్. 1965లో చైనా అణుపరీక్షల మీద నిఘాకు అమెరికన్లు, మనవాళ్లు కలిసి హిమాలయాల్లోని నందాదేవి శిఖరం మీదికి ప్లుటోనియంతో నడిచే పరికరాన్ని మోసుకెళ్లారు. వాతావరణం అనుకూలించక కొండ మీదే వదిలి దిగారు, మరుసటి ఏడు వెళ్తే కనబడలేదు. 1978 దాకా జనానికి ఆ యాత్ర జరిగిన సంగతే తెలియదు. ఇది క్లాండెస్టిన్. తెలుగులో ఈ రెంటికీ వేరువేరు మాటలు స్థిరపడలేదు. నేనైతే మొదటిదానికి ‘తెరవెనక’, రెండోదానికి ‘గుట్టుచప్పుడు కాకుండా’ వాడతాను.

ఈ మాట వెనక అధికారం ఉన్నవాడి చూపు ఉంటుందన్నది మరవద్దు. 1942 క్విట్ ఇండియా రోజుల్లో ఉషా మెహతా, ఆమె సహచరులు బొంబాయిలో కాంగ్రెస్ రేడియో నడిపారు. ‘42.34 మీటర్ల మీద, ఇండియాలో ఎక్కడో ఒకచోటు నుంచి’ అని ప్రసారం మొదలయ్యేది. మాట అందరికీ వినబడాలి, చోటు మాత్రం పోలీసులకు దొరకకూడదు. అందుకే ఇళ్లు మార్చుకుంటూ తిరిగారు. ఆగస్టులో మొదలై నవంబరులో పట్టుబడేదాకా సాగింది. తెల్లదొరల పాలన కంటికి అది క్లాండెస్టిన్ రేడియో. మనం ‘దొంగ రేడియో’ అని రాయగలమా? ఇక్కడ ‘రహస్య రేడియో’ అన్నదే నిజమైన అనువాదం.

మన వాడుకలో దీనికి దగ్గరగా వచ్చే చక్కని మాట ఇంకొకటుంది: లోపాయికారీ. పార్టీల మధ్య, టెండరుదారుల మధ్య కుదిరే క్లాండెస్టిన్ ఒప్పందానికి దీన్ని మించింది లేదు. కానీ అందులో ఆరోపణ బలంగా ఉంది. పోలీసులు ‘క్లాండెస్టిన్ మీటింగ్’ అంటే ‘దొంగచాటుగా కలిశారని పోలీసుల ఆరోపణ’ అని రాయండి. మీ సొంత వాక్యంలో అయితే ‘రహస్య భేటీ’తో ఆగండి. ఛార్జిషీటులో ఆ మాట కొటేషన్ గుర్తుల్లో ఉంటే తెలుగులోనూ ఆ గుర్తులు తీసేయకండి.