లంక లెక్కలు

శ్రోతలకు నమస్కారం.

2009 మే 25న ఐలా తుపాను సుందరవనాల మీద, అంటే పశ్చిమ బెంగాల్, బంగ్లాదేశ్ తీరంలోని మడ అడవుల దీవుల మీద విరుచుకుపడింది. గాలివాన తొందరగానే తగ్గింది గానీ, కరకట్టలకు గండ్లు పడి లోపలికొచ్చిన ఉప్పునీరు అంత త్వరగా పోలేదు. చెరువుల్లో మంచినీటి చేపలు చచ్చి తేలాయి. నీరు తీసిన పొలం ఎండేకొద్దీ పైన తెల్లగా ఉప్పు పేరుకుంది. అలాంటి నేలలో వరినారు మాడిపోతుంది. చాలాచోట్ల మళ్లీ మామూలు పంట చూడటానికి ఏళ్లు పట్టింది.

ఇలాంటి దీవుల్లో ఒక ఊరు ఎన్నాళ్లు నిలబడగలదో లెక్కగట్టే పద్ధతులున్నాయి. ఆదాయం, చదువు, తాగునీరు, రోడ్డు, కరకట్ట, ఇలా ఒక్కోదానికి సున్నా నుంచి ఒకటి దాకా మార్కులు వేసి, అన్నీ కలిపి ఒక సూచిక తయారుచేస్తారు. తంటా అంతా ఆ కలపడంలోనే ఉంది. ఒక దీవిలో బడికి 0.9, రోడ్డుకి 0.9, తాగునీటికి 0.1 వచ్చాయనుకోండి. సగటు 0.63, అంటే ఫస్ట్ క్లాసు! తాగడానికి గుక్కెడు నీళ్లు లేని ఊరికి ఫస్ట్ క్లాసు ఏమిటి? అదే మూడింటినీ గుణించి ఘనమూలం తీస్తే 0.43కి పడిపోతుంది. దీన్ని గుణమధ్యమం అంటారు. ఐక్యరాజ్యసమితి మానవాభివృద్ధి సూచికకు 2010 నుంచి వాడుతున్నది ఇదే.

కరకట్టకు మార్కులేయడం ఇంకా చిక్కు. సుందరవనాల్లో మన దేశం వైపు 102 దీవులుంటే, 54 దీవుల్లో జనం ఉంటున్నారు. వాటి చుట్టూ దాదాపు 3,500 కిలోమీటర్ల కట్టలున్నాయి. పోటు తెచ్చే ఒండ్రు ఆ కట్ట బయటే ఆగిపోతుంది. లోపలి నేలకు కొత్త మట్టి చేరదు, పైగా అది మెల్లగా కుంగుతుంది. చివరికి పొలం కన్నా బయటి నీళ్లే ఎత్తులో ఉంటాయి. ఈరోజు ఊరిని కాపాడుతున్న కట్టే రేపటి ముప్పును పెంచుతోందన్నమాట. దానికి నిండు మార్కులు ఎలా వేస్తాం?

వలస సంగతీ అంతే. కొడుకు పట్నం నుంచి డబ్బు పంపితే ఆదాయం గడిలో అంకె పెరుగుతుంది. గండి పడిన రాత్రి మట్టి బస్తా మోయడానికి మాత్రం అతను ఊళ్లో ఉండడు.

ప్రాణనష్టం ఒక్కటే చూసినా పొరబడతాం. 1970 నవంబర్ 12న ఇప్పటి బంగ్లాదేశ్‌లోని భోలా ప్రాంతాన్ని ముంచిన ఉప్పెనలో కనీసం 3 లక్షల మంది పోయారు. ఆ తర్వాత వాలంటీర్లు, హెచ్చరికలు, షెల్టర్లు వచ్చాక మరణాలు బాగా తగ్గాయి. అది చిన్న విజయం కాదు. కానీ షెల్టరులో ప్రాణం దక్కించుకున్న మనిషి తిరిగి వెళ్లేది ఆ ఉప్పు పొలానికే. అందుకే నేనైతే తుపాను తర్వాత రోజులు లెక్కబెడతాను: బోరింగు నీళ్లు నోట పెట్టుకోవడానికి ఎన్నాళ్లు పట్టింది, బడి ఎప్పుడు తెరిచారు, తొలి పంట ఎప్పుడు ఇంటికొచ్చింది అని.

హుగ్లీ నది ముఖద్వారంలోని ఘోరామారా దీవి దశాబ్దాలుగా కోతకు గురై కుంచించుకుపోతోంది. అక్కడి కుటుంబాలు చాలానే పక్కనున్న సాగర్ దీవికి తరలిపోయాయి. పాత ఊరి సర్వేలో వాళ్లు కనబడరు. కొత్త ఊరి సర్వేలో వాళ్లు పెరిగిన జనాభా మాత్రమే.