తలుపుకు అంటించిన కాగితం
(రాజ్యాంగ దినోత్సవం నాడు కందుకూరులో న్యాయవాదుల సమావేశంలో చేసిన ప్రసంగం)

వేదిక మీదున్న జడ్జి గారికి, బార్ పెద్దలకు, కోర్టు సిబ్బందికి, కొత్త కోటు మడత ఇంకా పోని జూనియర్లకు నమస్కారం. అందరి పేర్లూ చెప్పడం మన సభల్లో ఆనవాయితీ. ఈ ఒక్కరోజు నన్ను మన్నించండి. చెప్పాల్సింది ఎక్కువ ఉంది.

నాకిచ్చిన అంశం న్యాయమూర్తుల ఎంపిక. హైకోర్టు, సుప్రీంకోర్టు జడ్జీల పేర్లు సూచించేది కొలీజియం, అంటే సీనియర్ జడ్జీల బృందం. 1993 తీర్పుతో ఆ పద్ధతి వచ్చింది. 2014లో పార్లమెంటు దాని స్థానంలో జాతీయ న్యాయ నియామకాల కమిషన్ తెస్తే 2015లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ వాదన పెద్దది, అవసరమైనది కూడా. కానీ గుడ్లూరు నుంచో ఉలవపాడు నుంచో పొద్దున్నే బస్సెక్కి వచ్చే రైతుకి కోర్టంటే మన జూనియర్ సివిల్ జడ్జి గారే. ఆయన్ని ఎంపిక చేసేది హైకోర్టు పెట్టే పరీక్ష, ఇంటర్వ్యూ. నియమించేది గవర్నరు. రాజ్యాంగంలో 234వ అధికరణం అదే చెబుతుంది. బార్ నుంచి నేరుగా జిల్లా జడ్జి కావాలంటే 233 కింద ఏడేళ్ల ప్రాక్టీసు ఉండాలి.

ప్రకాశం పంతులు గారి కాలంలో ప్లీడర్లలోనే గ్రేడులుండేవి. ఒంగోల్లో పూటకూళ్లు పెట్టి తల్లి చదివించిన బిడ్డ ఆయన. రాజమండ్రిలో సెకండ్ గ్రేడ్ ప్లీడరుగా ఎంత పేరు తెచ్చుకున్నా హైకోర్టులో నిలబడే అర్హత లేదు. అందుకే 1904లో లండన్ వెళ్లి బారిస్టరయి వచ్చారు. 1961 అడ్వకేట్స్ చట్టం వచ్చాక ఆ గ్రేడులు పోయాయి. ఇవాళ నమోదైన ప్రతి అడ్వకేటూ ఏ కోర్టులోనైనా నిలబడొచ్చు. ఆ హక్కు విలువ తెలుసుకోండి.

ఇంతవరకూ రాసుకొచ్చాను. ఇక్కడి నుంచి కాగితం పక్కన పెడుతున్నాను.

నాకు కోర్టు జడ్జితో మొదలు కాలేదు, మా ఇంటి తలుపు దగ్గర మొదలైంది. 1982లో నేను హాస్టల్లో ఉండి పదో తరగతి చదువుతున్నాను. నాయన పొగాకు వేసి నష్టపోయి, ప్రోనోటు మీద మూడు వేలు తెచ్చాడు. రెండు పంటల్లో రెండువేల నాలుగొందలు కట్టాడు. కానీ నోటు వెనక కట్టినట్టు చెల్లు రాయించుకోలేదు. తెల్లకాగితం మీద రసీదులు తీసుకుని ట్రంకుపెట్టెలో దాచుకున్నాడు. ఆ ఏడు వినాయక చవితికి ముందే నాయన, అమ్మ మైసూరు వైపు పొగాకు కాల్చే బ్యారన్ పనికి వెళ్లారు. మన దగ్గర పొగాకు నాటే ముందే అక్కడ ఆకు కాల్చే రోజులొస్తాయి కదా, అందుకని. ఇంటికి తాళం. పక్కింట్లో మా అవ్వ.

దీపావళికి తిరిగొచ్చిన మూడో వారం మా చేను దగ్గర తప్పెట మోగింది. ఎకరా ముప్పై సెంట్లు జప్తు. దావా ఎప్పుడు పడిందో, డిక్రీ ఎప్పుడయిందో మాకు తెలియదు. మా మాట వినకుండానే, మొత్తం మూడు వేలకీ వడ్డీ, ఖర్చులతో ఎక్స్‌పార్టీ డిక్రీ అయింది.

సమన్లు తెచ్చిన మనిషి, అంటే కోర్టు ప్రాసెస్ సర్వర్, ఏం రాశాడో తెలుసా? "ప్రతివాది సమన్లు తీసుకోను అన్నాడు. తలుపుకు అంటించాను." మైసూరు దగ్గర బ్యారన్‌లో నిద్ర కాచుకుంటున్న మనిషి మా ఊళ్లో ఎలా తీసుకోనన్నాడు? తలుపు మీద ఏ కాగితమూ చూడలేదని అవ్వ చచ్చేదాకా చెప్పింది. నాయన ఒక ప్లీడరును పట్టుకున్నాడు. డిక్రీ సంగతి తెలిసిన 30 రోజుల్లో దాన్ని రద్దు చేయమని పిటిషన్ వేయొచ్చు, వేశారు కూడా. వాయిదా రోజు పిలిస్తే ఆ ప్లీడరు పలకలేదు. డిఫాల్టు కింద కొట్టేశారు. చేను వేలంలో పోయింది. రసీదులు ఏ జడ్జీ చూడలేదు. అవి ఇప్పటికీ నా దగ్గరున్నాయి.

ఆ ఉద్యోగాన్ని తక్కువ చేయడానికి ఇది చెప్పడం లేదు, దయచేసి అలా తీసుకోవద్దు. ప్రాక్టీసులోకి వచ్చాక నేను చూసిన ఒక ప్రాసెస్ సర్వర్ సైకిల్ మీద రామాయపట్నం దాకా మూడుసార్లు తిరిగాడు. వేటకెళ్లిన మనిషి ఎప్పుడొస్తాడో ఇంటివాళ్లను అడిగి, ఆ రోజు పొద్దున్నే వెళ్లి చేతికిచ్చి సంతకం తీసుకున్నాడు. ఆయన రిపోర్టులో రోజు, వేళ, ఇల్లు చూపించిన వాళ్ల పేరు అన్నీ ఉండేవి. కోర్టు ఆవరణలో ఆయనకు కుర్చీ వేసిన వాళ్లను నేను చూడలేదు. అదీ నా బాధే.

మరి జడ్జి గారి పని ఏమిటి? సివిల్ ప్రొసీజర్ కోడ్ ఐదో ఆర్డర్, 19వ రూల్ తీయండి. తలుపుకు అంటించానన్న రిపోర్టు వస్తే, దానికి అఫిడవిట్, అంటే ప్రమాణ పత్రం, లేకపోతే, తెచ్చిన మనిషిని ప్రమాణం మీద తప్పకుండా విచారించాలి. అఫిడవిట్ ఉన్నా విచారించొచ్చు. ఆ తర్వాతే సమన్లు సరిగా అందాయని ప్రకటించాలి. "ఏ వేళకు వెళ్లావు? తలుపు తీసి ఉందా, తాళం వేసి ఉందా?" ఆ రోజు ఈ ఒక్క ప్రశ్న అడిగి ఉంటే మా చేను మాకుండేది. ఎంత పెద్ద పరీక్ష రాసి వచ్చిన జడ్జయినా ఆ ప్రశ్న అడగకపోతే ఆ పరీక్ష మా నాయనకు ఎందుకూ పనికిరాలేదు.

జూనియర్లూ, ఇది మీ గురించే. 2025 మే 20న సుప్రీంకోర్టు చెప్పింది: ఇకముందు జూనియర్ సివిల్ జడ్జి పరీక్ష రాయాలంటే మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలి. మీలో చాలామందికి కోపం వచ్చింది, నాకు తెలుసు. గది అద్దె, మెస్ బిల్లు, ఇంటి దగ్గర చెల్లెలి చదువు, ఆ టెన్షన్ చిన్నది కాదు. సీనియర్లు మీకు పెట్రోలు ఖర్చు కూడా ఇవ్వకుండా మూడేళ్లు ఉండమనడం తప్పే. ఈ హాల్లో ఉన్న సీనియర్లను మొహమాటం లేకుండా అడుగుతున్నాను, నెలనెలా ఎంతో కొంత ఇవ్వండి. నేనిస్తున్నాను.

కానీ ఆ మూడేళ్లు వద్దనకండి. తాళం వేసిన ఇల్లు ఎలా ఉంటుందో, వాయిదాకు పలకని ప్లీడరు వల్ల ఒక ఇల్లు ఏమవుతుందో పుస్తకంలో దొరకదు.

సీనియర్లకు ఇంకో మాట. ఆ ప్రాక్టీసుకు సర్టిఫికెట్ ఇవ్వాల్సింది కోర్టు ప్రిన్సిపల్ జ్యుడీషియల్ ఆఫీసరు, లేదంటే పదేళ్ల అనుభవం ఉన్న అడ్వకేటు. ఆ అడ్వకేటు అంటే మనమే. మనమిచ్చిన దాన్ని ఇక్కడి ప్రిన్సిపల్ జ్యుడీషియల్ ఆఫీసరు ధ్రువీకరించాలి. హైదరాబాదులో కోచింగులో కూర్చున్న పిల్లాడికి, వాళ్ల నాన్న మనకు తెలుసు కదా అని, "మూడేళ్లు నా దగ్గర పనిచేశాడు" అని రాసిస్తామా? రాసిస్తే అది మా ఇంటి తలుపు మీద లేని కాగితం లాంటిదే. ఆ అబద్ధం పట్టుకుని వచ్చినవాడు రేపు బెంచీ మీద కూర్చుంటే, ప్రాసెస్ సర్వర్ని ఆ ప్రశ్న ఏ నోటితో అడుగుతాడు? ఇలాంటి సంతకం కోసం నా దగ్గరికి ఎవరూ రావద్దు. మీరూ పెట్టొద్దు. చేతులు జోడించి అడుగుతున్నాను.

టైమైందని అధ్యక్షుల వారు చూస్తున్నారు. ఇదిగో, నాయన కేసులో ఆ రిపోర్టు. నేను లాయరయ్యాక కాపీ అప్లికేషన్ వేసి తీసుకున్న సర్టిఫైడ్ కాపీ. రెండు లైన్లే ఉంటుంది. ముందు వరస నుంచి వెనక దాకా పంపండి. చదివాక జాగ్రత్తగా నాకు తిరిగివ్వండి, నా దగ్గరున్నది ఈ ఒక్కటే.