రాయి థర్మాకోల్‌లా ఉంది మేడం!

(ఆదివారం ఫోన్-ఇన్ కార్యక్రమం: అభిమాన సినిమాకు చేతిగీత యానిమేషన్)

ప్రయోక్త: నమస్కారం, ఆదివారం ఫోన్-ఇన్‌కు స్వాగతం. నచ్చిన సినిమాను చూసి ఊరుకోకుండా, దాని మీద సొంతంగా బొమ్మలు గీసి కదిలించాలనుకునేవాళ్ల కోసం ఇవాళ్టి కార్యక్రమం. ఇరవై ఏళ్లుగా హైదరాబాద్‌లో ఇదే పనిలో ఉన్న యానిమేటర్ మేడం మనతో ఉన్నారు. మేడం, ముందుగా వచ్చిన ప్రశ్నల్లో సగానికి పైగా బాహుబలి మీదే.

అతిథి: ఉండవా మరి! 2015 జులైలో మొదటి భాగం వచ్చినప్పుడు మూడో తరగతిలో ఉన్న పిల్లలు ఇప్పుడు డిగ్రీలోకి వచ్చారు.

ప్రయోక్త: మొదటి ఫోన్ తీసుకుందాం. హలో, ఎక్కడి నుంచి?

శ్రోత: నమస్తే సార్, నమస్తే మేడం. సిద్దిపేట నుంచి. డిగ్రీ సెకండియర్ చదువుతున్నా. రెండు భాగాల కథా కలిపి ఐదు నిమిషాల యానిమేషన్ చేద్దామని మొదలుపెట్టిన. హీరో శివుడు లింగాన్ని పెకలించి భుజానికెత్తుకునే సీన్ గీసిన. కానీ రాయి రాయిలా లేదు మేడం, థర్మాకోల్‌లా ఉంది.

అతిథి: (నవ్వు) నీ తప్పు నీకే కనబడింది కదా, ఇంక భయం లేదు. నువ్వు అంటున్నాను, ఏమనుకోకు బాబూ. ముందు ఒక లెక్క వేద్దాం. సినిమాకు సెకనుకు 24 ఫ్రేములు, అంటే 24 నిశ్చల చిత్రాలు. ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేములు నిలబెట్టినా సెకనుకు 12 బొమ్మలు కావాలి. ఐదు నిమిషాలకు ఎన్ని?

శ్రోత: మూడు వేల... ఆరు వందలు.

అతిథి: రోజుకు పది గీస్తే ఏడాది పని. సెమిస్టర్ పరీక్షల్లో కూడా మానకుండా గీస్తేనే సుమా. ఇప్పటికి ఎన్నయ్యాయి?

శ్రోత: 43 మేడం.

అతిథి: అందుకే ఐదు నిమిషాలు మర్చిపో. ఇరవై సెకన్లు చాలు, 240 బొమ్మలు. కథంతా చెప్పాల్సిన పని నీకు లేదు, అది చూడనివాళ్లు మన దగ్గర ఎవరున్నారు? ఆ ఎత్తడం ఒక్కటే చెయ్యి. సరే, నీ బొమ్మల్లో రాయి నేల మీంచి భుజం మీదికి ఎన్ని కాగితాల్లో వచ్చింది?

శ్రోత: ఆరు.

అతిథి: అంటే అర సెకను. అర సెకన్లో మనం ఎత్తేది నీళ్ల చెంబు. మీ ఊళ్లో మార్కెట్ యార్డుకు ఎప్పుడైనా వెళ్లావా?

శ్రోత: మా బాపుతో వడ్లు తీస్కపోయినప్పుడు వెళ్లిన.

అతిథి: ఈసారి నోట్‌బుక్ పట్టుకుని వెళ్లు. హమాలీ బస్తా ఎత్తేటప్పుడు బస్తాను చూడకు, మనిషిని చూడు. చేతులు వేస్తాడు, బస్తా కదలదు. కాళ్లు ఎడం చేస్తాడు, కదలదు. పైకి లేపేవాడు ముందు కిందికి పోతాడు, మోకాళ్లు వంచుతాడు. అప్పుడు ఒక్క ఊపు. భుజం మీద పడ్డాక నిటారుగా నిలబడతాడా? లేదు, ఆ బరువుకు మళ్లీ రవ్వంత కుంగుతాడు. తల అటు పక్కకు వాలుతుంది. అడుగులు దగ్గర దగ్గరగా పడతాయి, పాదం నేలను దాదాపు రాసుకుంటూ పోతుంది. నీ శివుడు ఎలా నడుస్తున్నాడు?

శ్రోత: పెద్ద పెద్ద అంగలు వేస్తున్నడు మేడం, హీరో కదా అని.

అతిథి: అక్కడ పోయింది బరువు. హీరో అని మనకు తెలుసు, రాయికి తెలియదు కదా. మొదటి పన్నెండు కాగితాల్లో రాయిని కదపకు. ఒకే రాయి బొమ్మను కింద ఉంచి మనిషిని మాత్రమే గీయి, చెయ్యి నొప్పీ తగ్గుతుంది. రాయి లేచేటప్పుడు మొదటి నాలుగైదు బొమ్మల మధ్య నూలుపోగంత తేడా ఉండాలి, తర్వాత ఎడం పెంచుకుంటూ పో. భుజం మీద కూర్చున్నాక ఆ కుంగడానికి మూడు కాగితాలు కేటాయించు. ఈ మూడే అందరూ ఎగ్గొట్టేది.

శ్రోత: సినిమాను ఫోన్‌లో ఆపి ఆపి ట్రేస్ చేస్తే తొందరగా అవుతుంది కదా మేడం?

అతిథి: పాత పద్ధతే అది. రోటోస్కోప్ అంటారు, మాక్స్ ఫ్లైషర్ అనే ఆయనకు 1917లో అమెరికాలో దానికి పేటెంట్ వచ్చింది. తప్పని నేననను. కానీ ట్రేస్ చేస్తే గీతలు వస్తాయి గానీ బరువు రాదు. కెమెరా పెట్టిన చోటే నువ్వూ పెడితే ఇంక నువ్వెందుకు? ఆ సీన్‌లో కెమెరా చూపించనిది ఏదైనా గీయి. లింగం లేచిపోయాక నేలలో మిగిలిన గుంత ఉంటుంది చూడు, అందులోకి నీళ్లు ఊరడం గీయి. నాకైతే అదే చూడాలని ఉంది.

శ్రోత: గుంత... అది తట్టలే మేడం. థాంక్యూ.

ప్రయోక్త: మేడం, సినిమా తియ్యకముందే బొమ్మల్లో చూసుకోవడం మనకు కొత్తేం కాదు కదా?

అతిథి: దర్శకుడు బాపు గారు తన సినిమాల షాట్లు ముందు స్టోరీబోర్డుగా బొమ్మలు వేసుకునేవారు. ఆయన గీతలో మనిషి నిలబడితే, నడుం ఏ కాలు మీద ఆనిందో తెలిసిపోతుంది. అది తెలిస్తే యానిమేషన్ సగం వచ్చినట్టే.

ప్రయోక్త: తర్వాతి ఫోన్ బెంగళూరు నుంచి.

శ్రోత: నమస్కారమండీ. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, రాత్రుళ్లు గీస్తుంటా. కాగితాలు ఫోన్‌తో ఫొటో తీసి కలిపితే బొమ్మంతా చలిజ్వరం వచ్చినట్టు వణుకుతోంది. వెలుతురు కూడా మిణుకు మిణుకుమంటోంది.

అతిథి: కాగితాలు ఒకదాని మీద ఒకటి ఒకే చోట కూర్చోవడం లేదు. స్టూడియోల్లో దీనికి పెగ్‌బార్ వాడతాం, కాగితాలను కదలకుండా గుచ్చి ఉంచే పట్టీ అది. మీరు కొనక్కర్లేదు. ఆఫీసులో ఫైళ్లకు రెండు రంధ్రాలు కొట్టే పంచ్ ఉంటుంది చూడండి, రంధ్రాల మధ్య 80 మిల్లీమీటర్లు. ఆ దూరంలో చెక్క మీద రెండు బోల్టులు నిలబెట్టండి, వదులు లేకుండా. ప్రతి కాగితమూ పంచ్ చేసి అందులో గుచ్చే గీయండి, అందులో గుచ్చే ఫొటో తీయండి. ఇక ఆ మిణుకు కిటికీ వెలుతురుది, మబ్బు వచ్చి పోతుంటే మారిపోతుంది. రాత్రిపూట కిటికీ మూసి ఒకే లైటు కింద తీయండి. ఫోన్ స్టాండుకు బిగించి, ఫోకస్, ఎక్స్‌పోజర్ లాక్ చేయండి. అన్నట్టు, కాగితాలకు నంబర్లు వేస్తున్నారా?

శ్రోత: వరసలోనే పెడుతున్నానండీ, వెయ్యలేదు.

అతిథి: అయ్యో! ఫోన్ పెట్టేయగానే వేసేయండి. నా మొదటి ఫిల్ముకు 180 కాగితాలు నేల మీద పరిచి, కరెంటు లేదు కదా అని ధీమాగా కూర్చున్నాను. కరెంటు వచ్చింది. ఫ్యాన్ స్విచ్ వేసే ఉంది! ఎగిరే పావురం బొమ్మలండీ అవి, ఏ రెక్క ముందో ఏ రెక్క వెనకో తేల్చుకోడానికి మూడు రోజులు పట్టింది. అప్పటి నుంచి కుడి వైపు పైమూల నంబరు వేశాకే పెన్సిల్ కిందికి దించుతాను.

ప్రయోక్త: పాపం పావురం! తెనాలి నుంచి ఎవరో అమ్మ ఎదురుచూస్తున్నారు. చెప్పండమ్మా.

శ్రోత: నమస్తే అండీ. మావాడు ఇంటరు. సినిమాలో డైలాగు తీసుకుని దానికి బొమ్మలు గీసి యూట్యూబ్‌లో పెట్టాడు. మర్నాడే కాపీరైట్ అని ఇంగ్లిషులో ఏదో వచ్చింది. నాకు ఒకటే టెన్షన్, పోలీసులు వస్తారేమోనని.

అతిథి: అలాంటిదేం కాదమ్మా, కంగారు పడకండి. నేను లాయర్ని కాదు, నాకు తెలిసింది చెబుతాను. వచ్చింది క్లెయిమా, స్ట్రయికా చూడమనండి. క్లెయిమ్ అంటే చాలాసార్లు యంత్రమే ఆ ఆడియోను పోల్చుకుని పంపుతుంది. వీడియో ఆపొచ్చు, లేదా దాని మీద యాడ్స్ డబ్బు హక్కుదారుకు వెళ్లొచ్చు. స్ట్రయిక్, అంటే హక్కుదారు అడిగి వీడియో తీయించినప్పుడు వచ్చే హెచ్చరిక, అయితే జాగ్రత్త, 90 రోజుల్లో మూడు వస్తే చానెల్ తీసేయొచ్చు.

శ్రోత: డబ్బుల కోసం పెట్టలేదండీ వాడు.

అతిథి: అందరూ అదే అనుకుంటారమ్మా. డబ్బు తీసుకోనంత మాత్రాన హక్కు మనదైపోదు. 1957 కాపీరైట్ చట్టంలో సొంత వాడకానికి, విమర్శకు కొంత వెసులుబాటు ఉంది గానీ, ఊరందరికీ చూపించడం దాని కిందకు వస్తుందని చెప్పలేం. ‘అభిమాని గీసింది’ అని రాయడం మర్యాద, అంతే, అదేమీ లైసెన్సు కాదు. ముందు ఆ డైలాగు తీసేసి గొంతు వాడిదే పెట్టుకోమనండి. జలపాతం చప్పుడు కావాలంటే బాత్రూంలో ట్యాపు తిప్పి రికార్డు చేసుకోవచ్చు.

శ్రోత: వాడి గొంతుకు నోరు కుదరట్లేదంటాడండీ.

అతిథి: అయితే వాడికి ఇది చెప్పండి. బళ్లో ప ఫ బ భ మ నేర్చుకున్నాం కదా, పెదవులు మూస్తేనే వచ్చేవి. ‘మాహిష్మతి’ అనండి చూద్దాం. ‘మా’ దగ్గర ఒకసారి మూసుకుంటాయి, ‘ష్మ’ దగ్గర మళ్లీ మూసుకుంటాయి. ఆ రెండు మూతలూ సరిగ్గా పడితే మధ్యలో నోరు కాస్త అటూ ఇటూ అయినా ఎవరూ పట్టించుకోరు. మూసిన నోరు శబ్దం కన్నా ఒకటి రెండు ఫ్రేములు ముందుండాలి. అద్దం ముందు కూర్చుని అనుకుంటూ గీయమనండి.

శ్రోత: మాహిష్మతి... అవునండోయ్!

ప్రయోక్త: ఆఖరి ఫోన్, శ్రీకాకుళం నుంచి. హలో?

శ్రోత: నేను నాలుగో తరగతి. బాహుబలి రెండో సినిమాలో ఏనుగును గీస్తున్నా. నడిస్తే కాళ్లు చిక్కుపడిపోతున్నాయి ఆంటీ.

అతిథి: చేతులు, మోకాళ్లు నేల మీద పెట్టి పాకు నాన్నా. నేను చెప్పినట్టే కదుపు. ఎడమ వెనక కాలు, తర్వాత ఎడమ ముందు కాలు. కుడి వెనకది, తర్వాత కుడి ముందుది. ఏనుగు వరస ఇదే. వేగంగా పోయినా ఇంతే, గుర్రంలా గాల్లోకి ఎగరదు.

శ్రోత: (దూరం నుంచి) ఎడమ వెనక... ఎడమ ముందు... అమ్మా, జరుగు! (దగ్గరగా వచ్చి) మరి తోక ఆంటీ?

అతిథి: తోకకు తొందరేం లేదు. ఒళ్లు కదిలిన రెండు మూడు బొమ్మల తర్వాత కదులుతుంది.

శ్రోత: ఏనుగు ఆగిపోతే?

అతిథి: అది ఆగాక కూడా తోక ఇంకోసారి ఊగుతుంది.

శ్రోత: అయితే ఆపేస్తా ఏనుగుని. తోక ఒక్కటే గీస్తా!