తాటినీరు తాగి బతికిన దీవి

అధ్యక్షులకు, గీత కార్మిక సంఘం పెద్దలకు, అన్నలకు, అక్కలకు నమస్కారం.

తాటిచెట్టు గురించి ఈ సభలో మాట్లాడాలంటే నాకు కొంచెం టెన్షన్‌గానే ఉంది. మోకు వేసుకుని చెట్టెక్కినవాళ్లే ఇక్కడ సగం మంది ఉన్నారు. నేను చదివి తెలుసుకున్నవాణ్ణే తప్ప ఎక్కినవాణ్ణి కాదు. అందుకే మన ఊరి చెట్ల జోలికి పోను. సరిగ్గా మన తాటిచెట్టునే నమ్ముకుని వందల ఏళ్లు బతికిన ఒక దీవి గురించి చెబుతాను. ఈ రోజు ఆ దీవివాళ్ల తిప్పలేమిటో కూడా చెబుతాను.

ఆ దీవి పేరు రోటే. ఇండోనేషియా పటంలో కిందికి, ఇంకా కిందికి చూసుకుంటూ పోతే తిమోర్ అనే పెద్ద దీవి కనబడుతుంది. దాని నైరుతి కొసన ఉన్నదే రోటే. ఆ దేశానికి దక్షిణపు అంచు అదే. అది దాటితే ఇక ఆస్ట్రేలియా వైపు సముద్రం. దీవి వైశాల్యం సుమారు 1,280 చదరపు కిలోమీటర్లు, జనం లక్షా నలభై వేల పైచిలుకు. 2002లో దాన్ని ప్రత్యేక జిల్లా చేశారు. బాఆ అనే చిన్న పట్నం జిల్లా కేంద్రం.

మారుమూల అంటే ఏమిటో అక్కడి పడవల్ని చూస్తే తెలుస్తుంది. పెద్దాసుపత్రికి పోవాలన్నా, పెద్ద చదువు చదవాలన్నా తిమోర్‌లోని కుపాంగ్ నగరానికి వెళ్లాలి. మధ్యలో పుకుఆఫు అనే జలసంధి ఉంది. ప్రవాహాలు ఎదురెదురుగా వచ్చి కొట్టుకునే చోటు అది. బండ్లను, బియ్యం బస్తాలను ఎక్కించుకునే పెద్ద ఫెర్రీకి నాలుగు గంటలు పడుతుంది. 2006లో ఒక ఫెర్రీ ఇక్కడే మునిగి జనం చనిపోయారు. జనవరి, ఫిబ్రవరి నెలల్లో పడమటి గాలి లేచిందంటే రోజుల తరబడి పడవలు కదలవు. అప్పుడు పెట్రోలు దొరకదు, కూరగాయల ధర పెరుగుతుంది. కష్టమైన కాన్పు ఆ రోజుల్లోనే వస్తే ఆ ఇంటివాళ్ల పరిస్థితి ఏమిటో నేను చెప్పక్కర్లేదు.

నేల సంగతికొస్తే, చాలావరకు సున్నపురాయి. వాన డిసెంబరు నుంచి మార్చి దాకా పడుతుంది, అంతే. ఆ తర్వాత ఏడెనిమిది నెలలు ఆకాశం వైపు చూడడం దండగ. పడిన నీరు రాయిలోంచి కిందికి దిగిపోతుంది. ఊటలున్న చోట మాత్రం వరి మళ్లు, పోక, కొబ్బరి, తమలపాకు తోటలు ఉంటాయి. అలాంటి ఊట తోటని మామార్ అంటారు. దానికి ఊరే కావలివాళ్లని పెట్టుకుంటుంది. కాయ ఎప్పుడు కొయ్యాలి, పశువు పడితే ఎంత తప్పు కట్టాలి అన్నది ఆ కావలివాళ్లు ఊరి కట్టుబాటు ప్రకారం తేలుస్తారు. నీళ్లున్న నేల కొంచెమే కాబట్టి కట్టుబాటు గట్టిగా ఉండాల్సి వచ్చింది.

మిగతా దీవంతా గడ్డి, రాళ్లు, తాటిచెట్లు.

రోటేలోనూ పక్కనున్న సావు దీవిలోనూ తాటిని గీసే పద్ధతి మీకు కొత్తేమీ అనిపించదు. మగచెట్టునీ ఆడచెట్టునీ కూడా గీస్తారు. గెలని కర్ర పట్టకారుతో రోజుల తరబడి నొక్కి మెత్తబరుస్తారు, కొస చెక్కుతారు, కింద తొట్టి కడతారు. మన దగ్గర లొట్టి ఉన్నట్టు అక్కడ హాయిక్ అని తాటాకుతోనే చేసిన తొట్టి ఉంటుంది. ఆకుని మడిచి, కుట్టకుండా, బొట్టు కారకుండా చేస్తారు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఎక్కుతారు. చాలా చోట్ల మానుకు గంట్లు కొట్టుకుని ఉత్త పాదాలతో ఎక్కడమే. మనకి 2024లో తెలంగాణ ప్రభుత్వం ‘కాటమయ్య రక్షణ కవచం’ అని సేఫ్టీ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది కదా, అలాంటి మాట అక్కడ ఎవరైనా ఎత్తారని నేను ఎక్కడా చదవలేదు.

అసలు తేడా దించిన తర్వాత ఉంది. మన దగ్గర కల్లు ప్రధానం, నీరా, అంటే పులియని తీపి తాటినీరు, ఈ మధ్యే మళ్లీ పేరులోకి వచ్చింది. రోటేలో ఆ నీరే ఆహారం. పొద్దున్నే దించిన తీపి నీరు తాగి పనికి పోతారు, పిల్లలు కూడా అంతే. అది గంటల్లో పులుస్తుంది కాబట్టి మిగిలినదాన్ని వెంటనే కాచాలి. కాచి చిక్కటి పాకం చేసి కుండల్లో నిలవ పెడతారు. ఏడాది దాకా చెడదు. వానాకాలంలో గీత ఆగిపోయినప్పుడు ఆ పాకంలో నీళ్లు కలుపుకుని తాగితే ఒక పూట భోజనం అయిపోయినట్టే. ఇంకా గట్టిగా కాస్తే బెల్లం. తాటాకు చుట్టల్లో పోసి పల్చటి బిళ్లలు చేస్తారు. పాకం పందులకు కూడా పోస్తారు, అట్లా చెట్టులోని తీపి మాంసంగా మారుతుంది. రోటేవాళ్లు తినరు, తాగి బతుకుతారు అన్న మాట బయటివాళ్ల రాతల్లో చాలా కాలం నుంచే ఉంది. వెక్కిరింతగా అన్నారో ఆశ్చర్యంతో అన్నారో గానీ, అబద్ధమైతే కాదు.

ఒక్క మాట ఆగి చెప్పాలి. చెట్టెక్కేది మగవాళ్లు, అందుకే ఫొటోల్లో వాళ్లే ఉంటారు. కాచేది ఆడవాళ్లు. మట్టిలో తవ్విన పొయ్యి, దాని మీద వరసగా కుండలు, కింద ఎండిన తాటిమట్టల మంట. గీత సీజన్‌లో ఆ పొయ్యి దగ్గర నుంచి కదలడానికి ఉండదు. అడుగంటితే రోజు కష్టమంతా పోయినట్టే. ఆ పొగ ఎవరి కళ్లలోకి, ఎవరి ఊపిరిలోకి పోతుందో దీవి గురించి రాసినవాళ్లు తక్కువగా రాశారు.

1770 సెప్టెంబరులో కెప్టెన్ జేమ్స్ కుక్ తన ఓడలో ఆస్ట్రేలియా తూర్పు తీరం చూసుకుని తిరిగి వెళ్తూ సావు దీవి దగ్గర లంగరు వేశాడు. ఎండలు ముదిరిన నెల. ఓడలో తిండి అయిపోవచ్చింది. అక్కడ దున్నపోతుల్ని, గొర్రెల్ని, కోళ్లను కొన్నారు. వాటితో పాటు వందల గ్యాలన్ల తాటిపాకం కూడా కొన్నారు. చుట్టుపక్కల కరువు కనబడే నెలలో కూడా అమ్మడానికి అంత పాకం ఉన్న దీవి అది.

జేమ్స్ ఫాక్స్ అనే మానవశాస్త్రవేత్త 1960ల్లో రోటేలో ఉండి ఈ విషయం మీద చాలా పని చేశాడు. ఆయన వాదన స్థూలంగా ఇది. పక్క దీవులు తిమోర్, సుంబాలలో అడవి నరికి, కాల్చి, మొక్కజొన్న వేసేవారు. జనం పెరిగేకొద్దీ నేలకి మళ్లీ కోలుకునే వ్యవధి లేకుండా పోయింది. వాన తప్పితే ఆకలి. రోటే, సావులలో అడవి అంతకుముందే పోయింది, కానీ కాలిన నేలలో కూడా నిలిచే తాటిచెట్టు మిగిలింది. దాని మీదికి బతుకును మార్చుకున్నవాళ్లు పొరుగువాళ్ల కంటే నిలదొక్కుకున్నారు. గీత పని కొన్ని నెలలే కాబట్టి మిగతా కాలంలో చేపలు పట్టారు, వ్యాపారం చేశారు, తిమోర్‌కి వలస పోయి అక్కడ కూడా తాటి గీశారు.

చదువు కూడా అట్లాగే వచ్చింది. 18వ శతాబ్దంలో, అక్కడ పెత్తనం చేస్తున్న డచ్చి (నెదర్లాండ్స్) వ్యాపార కంపెనీని రోటే రాజులు పంతుళ్లను పంపమని అడిగి బళ్లు పెట్టించుకున్నారు. డచ్చివాళ్లు అదే దీవి నుంచి బానిసల్ని తీసుకుపోయారన్నది కూడా మరవద్దు. బడి తెచ్చుకున్న ఆ దీవి నుంచి తర్వాత తిమోర్ అంతటికీ పంతుళ్లు, పాస్టర్లు, గుమాస్తాలు వెళ్లారు. 1912లో రోటేలోని కేకా అనే ఊళ్లో పుట్టిన హెర్మన్ యోహన్నెస్ ఇంజనీరింగు చదివి గజా మదా విశ్వవిద్యాలయానికి రెక్టార్, అంటే మన వైస్ ఛాన్సలర్ లాంటి పెద్ద, అయ్యాడు. 2009లో ఆయన్ని జాతీయ వీరుడిగా ప్రకటించారు. అదే తాటాకుని దొప్పలా మడిచి మధ్యలో వెదురు గొట్టం నిలబెట్టి తీగలు కట్టిన వాద్యం ససాందో. 1992లో వచ్చిన 5,000 రూపియా నోటు మీద దాని బొమ్మ వేశారు. నోటు మీద బొమ్మకైతే ఎవరూ కరువు చెయ్యరు.

ఇప్పటి కష్టం చెట్టు మీద నుంచి రాలేదు, సముద్రం మీద నుంచి వచ్చింది. ఈ భాగం కొంచెం నిదానంగా చెబుతాను.

సుమారు పాతికేళ్ల కిందట రోటే తీరపు ఊళ్లలో సముద్రపు నాచు సాగు మొదలైంది. లోతు లేని నీళ్లలో మేకులు పాతి, తాళ్లు కట్టి, నాచు ముక్కలు కడతారు. నెలన్నరకి కోతకి వస్తుంది. ఎండబెట్టి అమ్మితే టూత్‌పేస్టుకి, ఐస్‌క్రీముకి చిక్కదనం ఇచ్చే పదార్థం దాని నుంచి తీస్తారు. పెట్టుబడి తక్కువ, చెట్టెక్కే ప్రమాదం లేదు, ఆడవాళ్ల చేతికి కూడా డబ్బు వస్తుంది. దాంతో పెంకుటిళ్లు, మోటార్ సైకిళ్లు వచ్చాయి. పిల్లల్ని కుపాంగ్ కాలేజీల్లో చేర్చారు. దీవిలో నగదు బాగా తిరిగిన కాలం అది.

2009 ఆగస్టు 21న రోటేకి సుమారు 250 కిలోమీటర్ల దూరంలో, ఆస్ట్రేలియా జలాల్లో ఉన్న మోంటారా చమురు బావి పేలింది. అది నడిపే కంపెనీ థాయ్‌లాండ్ ప్రభుత్వ చమురు సంస్థకి చెందినది. పది వారాలకి పైగా ముడిచమురు సముద్రంలోకి పోతూనే ఉంది. దాన్ని చెదరగొట్టడానికి రసాయనాలు చల్లారు. కొన్ని వారాలకి రోటే తీరంలో నాచు తెల్లబారి తాళ్ల మీదే కుళ్లి రాలిపోయింది. మళ్లీ కట్టినా పట్టలేదు. చమురు ఇండోనేషియా తీరం దాకా రాలేదని కంపెనీ అన్నది.

తీరంలో ఉన్నవాడికి నీళ్ల మీద తెట్టు కనబడింది, కోర్టుకి కావాల్సింది శాంపిల్. ఆ రోజుల్లో అక్కడ ఎవరు తీస్తారు శాంపిల్? కేసు వెయ్యడానికే 2016 దాకా పట్టింది. రోటేకి చెందిన ఒక నాచు రైతు పేరు మీద, రోటే, కుపాంగ్ ప్రాంతాలలోని 81 ఊళ్లకి చెందిన 15 వేలకు పైగా రైతుల తరఫున, ఆస్ట్రేలియా ఫెడరల్ కోర్టులో దావా వేశారు. 2021 మార్చి 19న తీర్పు వచ్చింది. చమురు అక్కడికి చేరింది, నాచు పోవడానికి కారణం అదే అని కోర్టు ఒప్పుకుంది. 2022 నవంబరులో 19.25 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్లకి రాజీ కుదిరింది. గెలిచారు, నిజమే. కానీ 2009లో పదో తరగతి ఆపేసిన పిల్ల 2022 నాటికి ఇద్దరు పిల్లల తల్లి అయి ఉంటుంది. ఆ లెక్క ఏ రాజీ పత్రంలోనూ రాయరు. దానికి తోడు, తీర్పు వచ్చిన రెండు వారాలకే సెరోజా తుఫాను వచ్చి రోటే, సావులలో ఇళ్ల కప్పులు ఎగరగొట్టింది.

రోటే తూర్పున పాపెలా అనే ఊరుంది. దీవిలో ఎక్కువమంది ప్రొటెస్టంట్లు, ఈ ఊళ్లో ముస్లిం జాలర్లు ఎక్కువ. వీళ్ల తాతలు యాష్‌మోర్ అనే పగడపు దిబ్బల దాకా తెరచాప పడవల్లో వెళ్లి సముద్ర దోసకాయలనే సముద్ర జీవుల్ని, సొర చేపల్ని పట్టేవారు. ఆ దిబ్బలు రోటేకి దగ్గర, ఆస్ట్రేలియాకి దూరం. హక్కు మాత్రం ఆస్ట్రేలియాది. 1974లో రెండు దేశాల మధ్య ఒప్పందం రాసుకున్నారు. పాత పద్ధతిలో వచ్చేవాళ్లని రానిస్తారట, అంటే ఇంజను ఉండకూడదు. ఆ తర్వాత 1983లో యాష్‌మోర్‌ని రక్షిత ప్రాంతం చేసి అక్కడ కూడా పట్టు బిగించారు. తుఫాను వస్తే తప్పించుకోవడానికి ఇంజను పెట్టుకుంటే నేరం. హద్దు దాటితే పడవ పట్టుకుని తగలబెడతారు. పడవ పోయినవాడు అప్పుల్లో పడతాడు. అప్పు తీర్చడానికి శరణార్థుల్ని ఆస్ట్రేలియాకి చేరవేసే పడవల్లో పనికి కుదిరినవాళ్లు ఉన్నారు. ఏం పడవో కూడా సరిగ్గా తెలియని పిల్లలు ఈ దీవుల నుంచి వెళ్లి, మణికట్టు ఎక్స్‌రే చూసి పెద్దవాళ్లని తేల్చడం వల్ల, ఆస్ట్రేలియాలో పెద్దవాళ్ల జైళ్లలో గడిపారు. ఆ ఎక్స్‌రే పద్ధతి తప్పని తర్వాత ఒప్పుకున్నారు.

ఇంత జరిగినా రోటేలో ఆకలి చావుల కథలు తక్కువ, ఎందుకంటే వెనక చెట్టుంది. నాచు పోయిన ఏడు కొందరు మళ్లీ గీతకే వెళ్లారు. అయితే తాటి తీపితో కడుపు నిండుతుంది గానీ పిల్లల ఎముక ఎదగదు. రోటే ఉన్న తూర్పు నుసా తెంగారా ప్రావిన్స్‌లో 2022 సర్వే ప్రకారం 35.3 శాతం చిన్నపిల్లలు వయసుకి తగ్గ ఎత్తు లేరు. దేశం మొత్తానికి అది 21.6 శాతం. చెట్టుని పొగిడేవాళ్లు ఈ అంకె దాచకూడదు.

ఇక మీకు దగ్గరగా ఉండే విషయం ఒకటి. పులిసిన తాటినీటిని కాచి దించే సారాని అక్కడ సోపి అంటారు. పెళ్లికీ, చావుకీ, రాజీకీ అది ఉండాల్సిందే, కానీ పోలీసులు పట్టుకునేవారు. 2019లో అప్పటి గవర్నర్ విక్టర్ లాయిస్కోదాట్ ఒక విశ్వవిద్యాలయంతో కలిసి దానికి సోఫియా అని పేరు పెట్టి, సీసాలో పోసి, లేబుల్ వేసి విడుదల చేశారు. సీసాకి మంచి ధరే పెట్టారు. 2023లో హైదరాబాద్‌లో నీరా కేఫ్ తెరిచినప్పుడు మన దగ్గర వచ్చిన ప్రశ్నే అక్కడా వచ్చింది: ఆ ధరలో చెట్టెక్కినవాడికి ఎంత? కాచినామెకి ఎంత?

పడమటి తీరంలో నెంబెరాలా అనే ఊరికి అలల మీద ఆడే విదేశీయులు వస్తున్నారు. సముద్రం ఒడ్డున భూమి ధర పెరిగింది. కుర్రవాళ్లకి హోటల్ పని ఉంది, కుపాంగ్‌లో ఉద్యోగం ఉంది, మలేషియా వలస ఉంది. చెట్లకి కొదవ లేదు, ఎక్కేవాళ్లకే వయసు మీద పడుతోంది. ఈ మాట వింటుంటే మీలో కొందరు పక్కవాళ్ల వైపు చూస్తున్నారు, నాకు కనబడుతోంది.

నాకిచ్చిన టైం అయిపోయింది. ఆ ఆకు తొట్టి మడత ఎలా వేస్తారో ఇందాక ఒక పెద్దాయన అడిగారు. బొమ్మలు తెచ్చాను, భోజనాల దగ్గర చూపిస్తాను. ఈలోగా ప్రశ్నలుంటే అడగండి.